పల్లానికి పారని మాట

పరాయి దేశంలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకి జాగ్రత్తలు రెండు విడతలుగా అందుతాయి. మొదటి విడత ఫోనులో: ఆవకాయ సీసా మూతకి టేపు ఎన్ని చుట్లు చుట్టాలి, ఇమిగ్రేషన్ కౌంటర్లో అడిగినదానికి ఎంతవరకు జవాబు చెప్పాలి. రెండో విడత దిగిన మర్నాడు, కాఫీతో పాటు. రోడ్డు మీద గట్టిగా పిలవకు. పక్కింటావిణ్ని జీతమెంతని అడక్కు. క్యూలో ఎవరైనా మధ్యలో దూరితే ఊరుకో. మనకెందుకమ్మా, మన ఊరు కాదు కదా. మా అమ్మాయి చెప్పిన జాగ్రత్తలన్నీ తిరిగి తిరిగి ఈ ‘మనకెందుకమ్మా’ దగ్గరికే వచ్చేవి. ఉద్యోగమంతా బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని చేసినదాన్ని. పింఛను రోజున హాలు నిండా జనం ఉంటే గొంతు పెంచక తప్పేది కాదు. ఆ గొంతుని సూట్‌కేసుతో పాటు అటక మీద పెట్టమన్నట్టు అనిపించింది. సరే, వాళ్ల ఇల్లు, వాళ్ల ఊరు. పెట్టేశాను.

లండన్ వాయవ్య మూల వెంబ్లీలో వాళ్ల ఇల్లు. అక్కడ ఈలింగ్ రోడ్డు అని ఒకటుంది. చీరల కొట్లు, బంగారం కొట్లు, ఫుట్‌పాత్ మీదికి పొంగిన కూరల బుట్టలు, పాన్ డబ్బా, ఫర్సాన్ దుకాణం. అక్కడ గుజరాతీ వచ్చినవాళ్లకి దిగుల్లేదు, రానివాళ్లు ఇంగ్లిష్‌తో సరిపెట్టుకోవాలి. ఒక సాయంత్రం ఆ రోడ్డులో తోటకూర, దోసకాయలు కొనుక్కుని ఎర్ర బస్సెక్కాను. జల్లు పడుతోంది. సగం దారిలో బస్సు ఆగింది. ఈ బస్సు ఇక్కడితో ఆఖరు, సామాన్లు తీసుకుని దిగండి అని రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి ఎంతో మర్యాదగా చెప్పింది. లండన్‌లో ఇది మామూలే. ఒకే రూటు బస్సులు ఒకదాని వెనక ఒకటి గుంపుగా వచ్చేస్తే, వేళలు సరిచేయడానికి కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లు ఏదో ఒక బస్సుని మధ్యలోనే ఆపించేస్తారు. జనం కూడా అలవాటుగా లేచారు. నిట్టూర్చారు, ఫోన్లు చూసుకున్నారు, ఒక్కొక్కరే దిగి వానలో నిలబడ్డారు. ఆ స్టాపుకి పైకప్పు లేదు. చంటిపిల్లని తోపుడు బండిలో పడుకోబెట్టుకున్న ఒకమ్మాయి, బండి మీదికి ప్లాస్టిక్ కవరు లాగుతూ అవస్థ పడుతోంది.

దిగనిది ఒక్కావిడ. డెబ్బై దాటి ఉంటాయి. చీర మీద మోకాళ్ల దాకా కోటు, కాళ్లకి తెల్ల స్పోర్ట్స్ బూట్లు, చేతిలో చక్రాల సంచి. నెమ్మదిగా డ్రైవరు క్యాబిన్ దగ్గరికి వెళ్లి, వెనక బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందని అడిగింది. ఏడెనిమిది నిమిషాలన్నాడు అతను. “అయితే అంతసేపూ తలుపు తీసి ఉంచు. వాళ్లంతా లోపల నిలబడతారు. నువ్వు ఎలాగూ ఖాళీగానే కదా వెళ్లేది” అంది. అతను రూలు చెప్పాడు. ఆవిడ రూలుతో పోట్లాడలేదు. “రూలు పెట్టింది నువ్వు కాదు, నాకు తెలుసు. పెట్టినవాడికి చెప్పు. కావాలంటే నేను మాట్లాడతాను” అంది. గొంతు వీసమెత్తు పెరగలేదు. ఇంగ్లిష్ వ్యాకరణం అక్కడక్కడ పెచ్చులూడింది, దాన్ని ఆవిడ లెక్కపెట్టలేదు. డ్రైవరు రేడియోలో ఎవరితోనో గొణిగాడు. తర్వాత తలుపులు బుస్సుమని తెరుచుకున్నాయి. తడిసిన జనమంతా లోపలికొచ్చారు. వాళ్లలో నేనూ ఉన్నాను, తోటకూర సంచి నెత్తిన పెట్టుకుని. తోపుడు బండి అమ్మాయి తప్ప ఇంకెవరూ ఆవిడకి థ్యాంక్స్ చెప్పలేదు. ఆవిడ ఎదురు చూసినట్టూ లేదు. డ్యూటీ ఎన్నింటికి దిగుతావు, తిండి ఎప్పుడు తింటావు అని డ్రైవర్ని ఆరా తీస్తోంది.

వెనక బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. మా అమ్మాయి వాళ్ల వీధి చివరి ఇల్లే ఆవిడది. వీధి మొత్తం ఆవిణ్ని మాసీ అంటుంది. నా బ్యాంకు హిందీ, ఆవిడ గుజరాతీ హిందీ కలిసి సర్దుకున్నాయి. ఇలా మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను, మొహమాటం లేకుండా. “ఫ్యాక్టరీలో” అంది. “జయాబెన్ అని ఒకావిడ ఉండేది. ఇంతే ఉండేది.” చేత్తో తన భుజం ఎత్తు చూపించింది. “ఆవిడ మాట్లాడుతుంటే విన్నాను.”

ఆ ఫ్యాక్టరీ పేరు గ్రన్‌విక్. ఆవిడ జయాబెన్ దేశాయి. ఇంగ్లండ్‌లో కార్మిక సంఘాల చరిత్ర తెలిసినవాళ్లకి ఈ రెండు పేర్లూ బాగా తెలుసు. మనకే పెద్దగా తెలియవు. మన దేశంలో పుట్టి, చీర కట్టుకుని, ఆ దేశపు వీధిలో రెండేళ్లు నిలబడ్డ మనిషి అయినా సరే.

ఆవిడ 1933లో గుజరాత్‌లోని ధర్మజ్‌లో పుట్టింది. పెళ్లయ్యాక భర్తతో టాంగన్యికా, అంటే ఇప్పటి టాంజానియా వెళ్లింది. అక్కడ మన గుజరాతీలకి వ్యాపారాలు, ఇంట్లో పనివాళ్లు, కాస్త కలిగిన బతుకు. స్వాతంత్ర్యం తర్వాత తూర్పు ఆఫ్రికాలో గాలి మారి, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఇంగ్లండ్ దారి పట్టారు. వీళ్లూ 1960ల చివర్లో లండన్ చేరారు. అక్కడ ఇంటి యజమానురాలు, ఇక్కడికొచ్చేసరికి కుట్టుమిషను ముందు కూలీ. భర్త పేరు సూర్యకాంత్. ఆవిడ గురించిన పుస్తకంలో ఇది చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. మన దగ్గర నోరున్న అత్తగారికి వాడుకపేరైపోయిన సూర్యకాంతం, అక్కడ నోరున్న ఆవిడ పక్కన ఓపిగ్గా నిలబడ్డ మొగుడన్నమాట.

గ్రన్‌విక్‌లో పని ఇదీ. సెలవుల్లో తీసుకున్న ఫోటో రీళ్లని జనం కవర్లో పెట్టి, చెక్కు జతచేసి పోస్టులో పంపితే, ఆ ఫిల్ము కడిగి ప్రింట్లు వేసి మళ్లీ పోస్టులో తిప్పి పంపడం. కాబట్టి వేసవి వస్తే కవర్ల కుప్పలు. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మన ఉపఖండం మూలాలున్న ఆడవాళ్లు. వారానికి 40 గంటలు పనిచేస్తే 28 పౌండ్లు. ఆ రోజుల్లో లండన్‌లో కాయకష్టం చేసే ఆడవాళ్ల సగటు వారపు కూలి 44 పౌండ్లు. ఓవర్‌టైం ఉందని తీరా ఇంటికి బయల్దేరే వేళకి చెప్పేవారు, కాదనడానికి లేదు. మేనేజరు అద్దాల గదిలో కూర్చుని అందర్నీ చూస్తుండేవాడు. టాయిలెట్‌కి వెళ్లాలంటే చెయ్యెత్తి అడగాలి. సీమంతాలు, పెళ్లిళ్లు, పురుళ్లు చేసిన చేతులు అలా గాల్లోకి లేవడం ఒక్కసారి ఊహించుకోండి.

1976 ఆగస్టు 20, శుక్రవారం. ఇంగ్లండ్ ఇప్పటికీ చెప్పుకునే ఎండలు ఆ ఏడాదివే. పని నెమ్మదిగా చేస్తున్నాడని పొద్దున ఒక కుర్రాణ్ని తీసేశారు. తోటి కుర్రాళ్లు కొందరు అతనితో పాటే బయటికి నడిచారు. సాయంత్రం జయాబెన్ ఇంటికి వెళ్లడానికి కోటు తొడుక్కుంటుంటే మేనేజరు ఆపాడు. మాటా మాటా పెరిగింది. నా లెక్క తేల్చెయ్, వెళ్లిపోతాను అందావిడ. పోతూ పోతూ అతనితో అన్న మాటని ఇంగ్లిష్‌వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. నువ్వు నడుపుతున్నది ఫ్యాక్టరీ కాదు జంతుప్రదర్శనశాల, అందులో నీ వేలి కొస మీద ఆడే కోతులూ ఉంటాయి, నీ తల కొరికేసే సింహాలూ ఉంటాయి, మేం ఆ సింహాలం అని దాని తాత్పర్యం. వేసవి సెలవుల్లో అక్కడే పనిచేస్తున్న ఆవిడ కొడుకు కూడా వెంట నడిచాడు.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది సింహం కాదు. కోపమొస్తే సింహం ఎవరికైనా గుర్తొస్తుంది. ఆవిడ కోతుల్ని కూడా లెక్కలోకి తీసుకుంది చూశారా, అదీ మాట తెలిసిన మనిషి లక్షణం. లోపల ఉండిపోయేవాళ్లు ఉంటారని ఆవిడకి ఆ క్షణంలోనే తెలుసు.

తర్వాతి కథ పొడవైనది. కావలసినంత మటుకే చెబుతాను. ఇంకొందరు తోడై సమ్మెకి దిగినవాళ్లు 137 మంది అయ్యారు. అప్పటికి వాళ్లకి యూనియనే లేదు. యూనియన్ అంటే ఏమిటో, ఎలా చేరాలో కనుక్కుని ‘ఏపెక్స్’ అనే సంఘంలో చేరారు. కంపెనీ అందర్నీ తీసేసింది. ఈ కంపెనీ బతుకంతా పోస్టు మీదే కదా, క్రికిల్‌వుడ్ పోస్టాఫీసు ఉద్యోగులు గ్రన్‌విక్ సంచులు ముట్టుకోం అన్నారు. 1977 జూన్ నుంచి దేశం నలుమూలల నుంచి కార్మికులు ఆ ఇరుకు వీధుల్లోకి వచ్చారు. యార్క్‌షైర్ బొగ్గుగనుల వాళ్లు పొద్దున్నే బస్సుల్లో దిగారు. జూలై 11న ఇరవై వేలమంది అక్కడ ఉన్నారని చెబుతారు. అరెస్టులు ఐదు వందలు దాటాయి. అన్నిటికంటే వింత, లండన్ రేవు కార్మికులు జెండా పట్టుకుని రావడం. తొమ్మిదేళ్ల ముందు, 1968లో, వలసవాళ్లని రానివ్వకూడదన్న ఇనాక్ పావెల్‌కి మద్దతుగా పార్లమెంటు దాకా ఊరేగింది ఆ రేవు వాళ్లే. ఇప్పుడు చీరలు కట్టుకున్న ఆడవాళ్ల వెనక నడిచారు. అంతకుముందు 1974లో లెస్టర్‌లో టైప్‌రైటర్ల ఫ్యాక్టరీలో ఆసియా కార్మికులు సమ్మె చేస్తే సొంత యూనియనే వాళ్లని పట్టించుకోలేదు. రెండు మూడేళ్లలో ఇంత మార్పు ఒక్క మనిషి వల్లే వచ్చిందంటే అది అతిశయోక్తి. కానీ ఆ కాలపు ఫోటోల్లో పోలీసుల వరుస ముందు, ముంజేతికి హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని, చీర మీద కోటుతో నిలబడ్డ నాలుగడుగుల పది అంగుళాల మనిషిని చూస్తే, ఆ అతిశయోక్తి చెప్పేవాళ్ల మీద నాకు కోపం రాదు.

ఇక్కడ కాసేపు ఇంటి సంగతి మాట్లాడుకోవాలి. మనకి నోరున్న ఆడవాళ్లకి ఏనాడూ కరువు లేదు. కుళాయి దగ్గర, రేషను షాపు దగ్గర, పెళ్లి విడిదిలో, ఎక్కడ చూసినా ఉన్నారు. మన సినిమా అయితే ఆ నోటి మీద పెద్ద వ్యాపారమే చేసింది. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో సూర్యకాంతం ఎంత మాట్లాడుతుంది! కానీ ఎవరితో? సవతి కూతురు లక్ష్మితో. మెత్తగా దొరికిన ప్రతివాళ్లతో. పల్లం చూసుకుని పారే నీళ్లలా ఆ మాట ఎప్పుడూ తనకంటే కిందున్నవాళ్ల మీదికే వెళ్తుంది. తెర మీద ఆ నోటికి నవ్వుకుంటాం, చివర్లో అది మూతబడితే సంతోషిస్తాం, ఇంటికొచ్చి మన ఇంటి పల్లం ఎటుందో మనమూ చూసుకుంటాం. మన పెద్దమనుషులకి నిజంగా ఇబ్బంది కలిగించేది పల్లానికి పారని మాట. మేనేజరు గదిలోకి, కాంట్రాక్టరు ఇంటికి, పంచాయతీ అరుగు మీదికి ఎక్కే మాట. అది మనకి లేదని కాదు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర, టిక్కెట్టు లేదని సాక్షాత్తూ నెహ్రూనే ఆపిన దుర్గాబాయికి అప్పటికి పద్నాలుగేళ్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని ఊళ్లోంచి తరిమారు. వాళ్లలో వర్ధినేని రోశమ్మ ఉంది. ఆ మాట ఊరూరూ పాకి, మరుసటి ఏడు రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్లింది. వాళ్లంతా అక్షరాస్యత తరగతుల్లో అప్పుడప్పుడే పలక పట్టినవాళ్లు.

మరి పైకెక్కే మాట మిగతావాళ్ల గొంతులో ఎందుకు ఆగిపోతుంది? చదువు లేక అంటారు. మాసీ తరం వాళ్లయితే ఇంగ్లిష్ రాక అంటారు. నాకు ఆ కారణాలు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. గ్రన్‌విక్ యజమాని జార్జ్ వార్డ్‌కీ జయాబెన్‌కీ మధ్య జరిగిన రెండు సంభాషణలు చదివాక అసలు నమ్మబుద్ధి కాదు. ఈయన కూడా ఢిల్లీలో పుట్టిన ఆంగ్లో ఇండియనే. మన బలహీనత ఎక్కడుందో తెల్లవాడికంటే బాగా తెలిసినవాడు.

జయాబెన్ తర్వాత చెప్పుకున్నదాని ప్రకారం, సమ్మెవాళ్లు నిలబడే పికెట్ లైన్ దగ్గరికి వచ్చి ఆయన మొదట ఆవిడ చీర మీద వెక్కిరింపు విసిరాడు. చీరతో నువ్వు గెలవలేవు, మినీ స్కర్టులో వస్తే చూస్తాను అన్నట్టుగా. శ్రీమతి గాంధీ కూడా చీరే కడుతుంది, అంత పెద్ద దేశాన్ని ఏలుతోంది అని ఆవిడ జవాబు. చిన్న చురక ఒకటి ఇక్కడ పెట్టకపోతే బాగుండదు. సమ్మె మొదలైనప్పుడు ఆ శ్రీమతి గాంధీ దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. ఇలా ఫ్యాక్టరీ గేటు ముందు నినాదాల అట్ట పట్టుకుని నిలబడితే ఏమయ్యేదో మనకి తెలుసు. జవాబు మటుకు అదిరింది, చరిత్ర కలిసి రాకపోయినా.

రెండోసారి వార్డ్ అసలు ఆయుధం తీశాడు. నువ్వు మంచిదానివి కావని మీ పటేళ్ల సంఘమంతా చెబుతాను అన్నాడు. ఆడమనిషి నోరు నొక్కడానికి ఇంతకంటే పాతది, ఇంతకంటే చవకైనది ఇంకొకటి లేదు. మన ఊళ్లలో దీనికి ‘నలుగురు’ అని పేరు. నలుగురిలో పరువు, నలుగురూ ఏమనుకుంటారు, నలుగుర్లో తలెత్తుకోవద్దా. ఆ నలుగురు ఎవరో పేర్లు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. అయినా వాళ్ల వల్ల ఆగిపోయిన ఫిర్యాదులు, ఆగిపోయిన చదువులు, మింగేసిన మాటలు లెక్కపెడితే బోలెడు. జయాబెన్ ఆయనకి చేతిలోని అట్ట చూపించింది. నువ్వు చెప్పేది ఒక్క పటేళ్లకి, నేను నీ సంగతి ఇంగ్లండ్ మొత్తానికి చెబుతున్నాను చూడు అంది.

నేను ఇది చదివింది మా అమ్మాయి ఇంట్లో, రాత్రి భోజనాలయ్యాక. పుస్తకం మూసి కాసేపు అటూ ఇటూ తిరిగాను. బ్యాంకులో నాతో పనిచేసిన ఎంతమంది గుర్తొచ్చారో. బదిలీ కోసం వెళ్తే చేతి మీద చెయ్యి వేసిన అధికారి గురించి నోరెత్తని అమ్మాయి ఒకామె. ఆమెకి ఇంగ్లిష్ నాకంటే బాగా వచ్చు, బీకాం ఫస్ట్ క్లాసు. రిపోర్టు ఇద్దామంటే, “మా అత్తగారి వైపు చుట్టాలు ఈ బ్రాంచిలో ఉన్నారండీ” అంది. అధికారి అంటే ఆమెకి భయం లేదు, ఆ చుట్టాలంటే భయం. జయాబెన్ చేసిందల్లా ఆ నలుగురి చుట్టూ గీసి ఉన్న గిరిని చెరిపి, దేశమంత చేయడం. గిరి పెద్దదయ్యాక భయపడాల్సింది ఎవరో చూడండి.

మా అమ్మాయికి ఈ కథ చెబితే వింది కానీ, ఒక ప్రశ్న వేసింది. ఆవిడకి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉందిగా అమ్మా? అదీ నిజమే. మన పిల్లలు అక్కడ ఉండేది కంపెనీ ఇచ్చిన స్పాన్సర్‌షిప్ మీద. ఉద్యోగం పోతే ఇచ్చే గడువు కొద్ది వారాలే, ఆలోపు ఇంకో స్పాన్సర్ దొరకాలి, లేకపోతే సామాన్లు సర్దుకోవాలి. శనివారం వాళ్ల ఇంట్లో చేరే తెలుగు పిల్లల మాటలు వింటే ఇదంతా వినబడుతూనే ఉంటుంది. ఒకబ్బాయికి రాత్రి షిఫ్టులకి డబ్బులివ్వడం లేదు. ఇంకొకమ్మాయి కడుపుతో ఉందని చెప్పిన వారానికే ప్రాజెక్టు మార్చేశారు. పులిహోర తింటూ చెప్పుకుంటారు, “ఐఎల్ఆర్ వచ్చేదాకా నోరు మూసుకోవాలి ఆంటీ” అని నవ్వుతారు. శాశ్వతంగా ఉండే అనుమతి అన్నమాట ఆ ఐఎల్ఆర్. వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు మూసిన నోరు ఆ కాగితం చేతికి రాగానే తెరుచుకుంటుందా అని నాకు సందేహం. వాళ్ల ముందు అనలేదు. వీసా పోతే ప్లేటు నిండా నేను పెట్టే పులిహోర అప్పు తీర్చదు. జయాబెన్‌ది కూడా ఖాళీ చేతుల ధైర్యం కాదు. పాస్‌పోర్టు ఉంది, భర్త ఉన్నాడు, ఆ తర్వాత యూనియన్ ఉంది. ఆవిడ మొదట వెతుక్కున్నది మైకుని కాదు, సభ్యత్వ కార్డుని. ఆ పిల్లల్లో ఒకరికైనా యూనియన్ ఉందా అని అడిగాను. ఐటీ వాళ్లకి ఉంటుందని కూడా వాళ్లకి తెలియదు. ఉంటుంది, చేరవచ్చు, వీసా మీద ఉన్నవాళ్లు కూడా. ఇది మటుకు గట్టిగానే చెప్పాను. మా అమ్మాయి నన్ను ఆపలేదు.

ఇక సమ్మె ఏమైందంటే, ఓడిపోయింది. లార్డ్ స్కార్మన్ విచారణ జరిపి వాళ్లని తిరిగి పనిలోకి తీసుకోవాలని 1977 ఆగస్టులో చెప్పారు. వార్డ్ కుదరదన్నాడు. కోర్టులు కూడా కార్మికుల వైపు రాలేదు. మొదట్లో ఊరేగింపులు చేసిన పెద్ద సంఘాలు కోర్టు మాట వినబడగానే ఒక్కో అడుగు వెనక్కి వేశాయి. ఆ నవంబరులో జయాబెన్, ఇంకో ముగ్గురు కలిసి లండన్‌లో కార్మిక సంఘాల సమాఖ్య ప్రధాన కార్యాలయం గుమ్మం ముందే నిరాహారదీక్షకి కూర్చున్నారు. యజమాని గుమ్మంలో కాదు, సొంతవాళ్ల గుమ్మంలో. అందుకు వాళ్ల యూనియన్ వాళ్లనే సస్పెండ్ చేసింది. అప్పుడే ఆవిడ అంది, సంఘాల మద్దతు మోచేతికి రాసిన తేనెలాంటిదని. వాసన తెలుస్తుంది, తగులుతుంది, నాలుకకి మాత్రం అందదు. ఆ మాట విన్న ఇంగ్లిష్ విలేకరులు ఎంత చక్కటి ఉపమానమని మురిసిపోయారు. మనకి కొత్తేముంది, మోచేతికి బెల్లం రాసి నాకమన్నట్టు అని మా అమ్మమ్మ రోజూ అనేది. గుజరాతీలోనూ అది బెల్లమే. వంటింటి సామెతని పట్టుకెళ్లి దేశపు కార్మిక నాయకత్వం ముఖాన కొట్టడానికి ఇంగ్లిష్ ఎంత వస్తే సరిపోతుందో ఆవిడకి అంత వచ్చు.

1978 జూలై 14న సమ్మె ముగిసింది. ఎవరికీ ఉద్యోగం తిరిగి రాలేదు. మరుసటేడు థాచర్ ప్రధానిగా వచ్చింది, ఒక ఫ్యాక్టరీ సమ్మెకి మరో ఫ్యాక్టరీ వాళ్లు వచ్చి నిలబడటాన్ని చట్టాలు వరసగా బిగించాయి. జయాబెన్ మళ్లీ కుట్టుపనికి వెళ్లింది, తర్వాత హారో కాలేజీలో మన బట్టల కుట్టు నేర్పింది. అరవై ఏళ్లకి కారు నడపడం నేర్చుకుని పరీక్ష ప్యాసైంది. 2010 డిసెంబరులో పోయింది. 2016లో బీబీసీ ‘విమెన్స్ అవర్’ వాళ్లు, డెబ్బై ఏళ్లలో ఆడవాళ్ల బతుకుల మీద ఎక్కువ ప్రభావం చూపిన ఏడుగురి జాబితా వేస్తే, అందులో థాచర్ ఉంది, జయాబెన్ కూడా ఉంది. ఇద్దర్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టినవాళ్లకి హాస్యప్రియత్వం ఉందో లేదో తెలియదు.

తిరుగు ప్రయాణం దగ్గరపడుతుండగా ఆ చోటు చూడాలని మాసీని అడిగాను. వెంబ్లీ పార్క్‌లో జూబ్లీ లైన్ ఎక్కితే నీస్‌డెన్, ఆ తర్వాత డాలిస్ హిల్. చిన్న స్టేషను. చుట్టూ అదే రకం ఎర్ర ఇటుక ఇళ్లు, ముందు చెత్త డబ్బాలు, కార్లు. ఇరవై వేలమంది ఈ సందుల్లో ఎలా పట్టారో అర్థం కాదు. డడెన్ హిల్ లేన్‌లో రైలు వంతెన దగ్గర ఆ సమ్మె మీద పెద్ద కుడ్యచిత్రం ఉంది, 2017లో పెట్టారు. మాసీ కళ్లజోడు తుడుచుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కో బొమ్మ దగ్గరా ఆగుతూ చూసింది.

“ఇందులో నేను లేను” అంది.

అన్ని వందలమందిలో అందర్నీ గియ్యలేరు కదా అన్నాను.

“అది కాదు బెన్. నేను బస్సులో ఉన్నాను.”

సమ్మె చేయని వాళ్లని రోజూ ఇళ్ల దగ్గర ఎక్కించుకుని, పికెట్ల మధ్యలోంచి లోపలికి తీసుకెళ్లే కంపెనీ బస్సు ఉండేది. మాసీ ఆ బస్సులో వెళ్లేది, కిటికీ వైపు ముఖం పెట్టకుండా. ఇద్దరు పిల్లలు, ఇంటి మీద అప్పు, మంచాన పడ్డ మామగారు అని చెప్పింది, ఎవరో ఇంకొకరి ఇంటి లెక్క చెబుతున్నట్టు. సమ్మె నడిచిన ఆ రెండేళ్లలోనే లోపలివాళ్లకి జీతాలు పెంచారట. “రోడ్డు మీద ఆవిడ నిలబడింది. పెరిగింది నాకు.” తర్వాత ఎప్పుడైనా ఆవిణ్ని కలిశారా అంటే లేదంది. ఒకసారి ఈలింగ్ రోడ్డులో అవతలి పక్కన కనబడితే ఈ పక్కనే నడుచుకుంటూ వెళ్లిపోయిందట.

బస్సులో కిటికీలు మూసినా వినబడేదా అని అడిగాను.

“కేకలు వినబడేవి. అందరూ అరుస్తారు కదా. ఆవిడ మాత్రం మా పేర్లు పెట్టి పిలిచేది. తిట్టేది కాదు. ఫలానా బెన్, దిగి రా అని. అందుకే నాకు ఆవిడంటే పడేది కాదు. ఆడమనిషికి ఇంత నోరేమిటి, ఎప్పుడు చూడు మాట్లాడుతూనే ఉంటుంది అనుకునేదాన్ని.” కాసేపు ఆగి, “ఇప్పుడు నన్ను మా కోడలు అదే అంటుంది” అంది.

బస్సుల్లోనూ, డాక్టరు దగ్గరా మాట్లాడతారనా అన్నాను.

“దానికి అది ఇష్టమే. నన్ను కౌన్సిల్ ఆఫీసుకి పంపేది అదే. అనేది వంటింట్లో. అక్కడ మాత్రం దాని మాటే నిజం, ఎక్కువే మాట్లాడతాను. దానికి పప్పు పోపు వెయ్యడం ఇప్పటికీ రాదు.”